ఒక వరుస వదిలి

కుప్పం,
9 మార్చి 2003.

అక్కా,

నువ్వు క్షేమంగా ఉండావని తలుస్తాను అని రాయడం నా వల్ల కాదు. క్షేమంగా లేవని పోయిన ఆదివారం మదనపల్లెకొచ్చి నా కండ్లతో సూసినాను గదా, మళ్ళీ ఆ అబద్ధం యాల?

ఆదివారం! ఒక పొద్దు సెలవు కోసం, ఎనిమిది గంటల పని కోసం ఎన్ని దేశాల్లో ఎంతమంది జైళ్ళకు పోయినారో ఇక్కడ సంఘమోళ్ళు వేసిన చిన్న పుస్తకంలో ఉండాది. అచ్చు బాగలేదు, కాగితం ముట్టుకుంటే చినుగుతాండాది, కానీ రాసింది నిప్పు. ఆ నిప్పంతా చదివి బస్సెక్కి వస్తే, మా అక్క కృష్ణవేణి సుబ్బరాయుడి నీళ్ళ ట్యాంకర్ల ఆఫీసులో కూర్చోనుండాది. నన్ను వెనకాల స్టూలు మీద కూర్చోబెట్టి, "అయిదు నిమిషాలప్పా" అంటివి. నీ అయిదు నిమిషాలకు నాకు ఆకలై, ఆకలి చచ్చి, మళ్ళీ ఆకలైంది.

అదేం పని అక్కా అది? మదనపల్లెకూ పుంగనూరుకూ నడుమ కరువు పట్టిన పల్లెలకంతా నీళ్ళు తోలే కాంట్రాక్టు ఆయనది. ఎక్సెల్ ఫైల్లో ఒక్కో పల్లెకు ఒక్కో ట్యాబ్ నువ్వు పెట్టినావు. ఏ వీధికి ఎన్ని డ్రమ్ములో ఆ ట్యాబ్‌లో దినామూ మారుస్తావు. సరే. మళ్ళీ ఒక్కో ట్యాబ్ తెరిచి, గీసి పట్టుకొని, కాపీ చేసి, చివరి షీటుకు పోయి, అంటించి, మళ్ళీ ఇంకో ట్యాబ్‌కు పోయి... బావిలో చేదతో తోడి తొట్టిలో పోసే మాదిరి. తొట్టి నిండినాక, ఏ బండి ఏ వీధికి పోవాల్నో చెప్పే డ్రైవర్ల చీటీలు. ఇదంతా మిషన్ చెయ్యాల్సిన చాకిరీ. మనిషి చేతిని మిషన్ చేసి, మిషన్ని ఊరికే కూర్చోబెట్టడం పేరే దోపిడీ.

కాబట్టి ఒక మాక్రో రాసినాను. నేను పాఠాలు చెప్పే కంప్యూటర్ సెంటర్లో మూడు పూటలు కూర్చోని రాసినాను. మాక్రో అంటే భయపడొద్దు. నువ్వు చేసే పనినే వరుసగా దానికి చెప్పిపెడతాము, ఆ పైన ఒక్క మాట అంటే చాలు, అదే చేసుకుంటుంది. ఇది నీ ఫైల్లో ప్రతి ట్యాబ్ తలుపూ తట్టి, లోపల ఉండేది ఎత్తుకొని, చివరి షీట్లో ఒకదాని కింద ఒకటి పేర్చి, ట్యాంకర్ వారీగా చీటీలు ప్రింటుకు పంపుతుంది. ఫ్లాపీ ఈ కవర్లోనే ఉండాది. ఫైలు తెరిచినప్పుడు మాక్రోలు ఉండాయి జాగ్రత్త అని పెట్టె వస్తే, ఉండనీ అని నొక్కు. తర్వాత ఆల్ట్, ఎఫ్ ఎయిట్ కలిపి నొక్కితే అది పరిగెత్తుతుంది. నీ షీట్ల రూపం నేను సూసినాను, ఏమీ మార్చే పని లేదు.

మిగిలిన పొద్దు నీది. సుబ్బరాయుడికి చెప్పొద్దు. చెప్తే ఆ పొద్దు కూడా ఆయన ఎత్తుకుంటాడు.

నీ తమ్ముడు,
ప్రదీప్


మదనపల్లె,
17 మార్చి 2003.

చిరంజీవి ప్రదీప్‌కు అక్క దీవెనలు.

ఉపన్యాసమూ, ఫ్లాపీ రెండూ చేరినాయి. పోస్టాఫీసాయన ముద్ర సరిగ్గా ఫ్లాపీ నడినెత్తిన గుద్దినాడు, అయినా తెరుచుకుంది. నీ తలకాయ మాదిరే అదీ గట్టిదే.

రేయ్, అది పరిగెత్తడం సూసి నాకు నవ్వొచ్చిందప్పా. స్క్రీన్ మీద ట్యాబ్‌లు ఒకటి ఎనకాల ఒకటి గబగబా మారతాంటే, మన వాడలో పిలకాయలు బడి గంట కొట్టినాక ఉరికినట్టు ఉండాది. నేను చెయ్యి ఒళ్ళో పెట్టుకొని సూస్తా కూర్చున్నాను. టీ చల్లారకముందే ప్రింటర్ గరగరా అని చీటీలు కక్కింది. వెలుతురుండంగానే ఇంటికొచ్చి అన్నం వేడిగా వండుకొని తిన్న్యాను. ఎన్నాళ్ళకో.

గోపాలస్వామి సార్ తెలుసు గదా, మా ఆఫీసు గుమాస్తా, ఎక్కడో గవర్నమెంటు కొలువు చేసి రిటైరై ఇక్కడికొచ్చినాయన. ఆయనకు అనుమానం. "ఏమ్మా, అప్పుడే అయిపోయెనా? సరిగ్గా సూసినావా?" అన్నాడు. సూసినాను సార్ అన్నాను. నిజానికి యాల సూస్తాను? ఇప్పుడు చీటీల మొగం సూసే పనే లేదు. ప్రింటర్లోంచి నేరుగా ఆయన చేతికి, ఆయన చేతినుంచి డ్రైవర్లకు. నా పనంతా ట్యాబ్‌లలో లెక్క సరిగ్గా పెట్టడం. అది నేను సరిగ్గానే పెడతాను. షీట్లు ఆయన మొదట్లో నాకు నేర్పించిన పద్ధతిలోనే ఉండాయి, నువ్వు చెప్పినట్టే ఏమీ మార్చలేదు.

ఎండ ఈసారి మార్చికే కాలుస్తాండాది. నువ్వు ఊరికే మీటింగులని ఎండలో తిరగొద్దు. ఆ పుస్తకాల్లో తిండి గురించి కూడా ఏమన్నా రాసినారేమో సూడు, రాసుంటే అది మొదట చదువు. అమ్మను సూసి ఎన్నాళ్ళయింది? ఒకతూరి పుంగనూరు పోయి రా.

నీ అక్క,
కృష్ణవేణి


కుప్పం,
7 ఏప్రిల్ 2003.

అక్కా,

పోయినాను. అమ్మను సూసినాను. సూసొచ్చినప్పటినుంచి నాకు అన్నం దిగలేదు.

పుంగనూర్లో బస్సు దిగి నడుచుకుంటా మన బండకిందపల్లెకు పోయేతలికి మధ్యాహ్నం. ఇంట్లో అమ్మ లేదు. మామిడితోపు దగ్గరుంటుందిలే అని పక్కింటోళ్ళు అన్నారు. తోపు దగ్గరేం పని, ఇప్పుడు కాయలు కోసే కాలం కాదే అనుకుంటా పోతే, మన వాడ ఆడోళ్ళంతా ఆడ బిందెలు పెట్టుకొని మట్టిలో కూర్చోనుండారు. తోపోడు వాని చెట్లకు నీళ్ళు కట్టుకున్న్యాక, మిగిలితే, వానికి బుద్ధి పుడితే, బోరు వదులుతాడంట. "ఏమ్మే సిద్ధమ్మా, నీ కొడుకు కంప్యూటరోడంట గదా, నీళ్ళు కంప్యూటర్లోంచి తెప్పించుకోరాదా?" అని నా ముందరే అమ్మను అన్నాడు. అమ్మ నవ్వింది. నవ్వింది అక్కా! వాన్ని ఏమన్నా అంటే రేపటికి ఆ బిందెడు కూడా ఉండదని.

ట్యాంకర్ ఏమైంది అంటే, వస్తాండాది, ఊర్లో నిలబడతాండాది, ఎల్లిపోతాండాది. వాడకు రావడం నిలిపేసి మూడు వారాలు దాటిందంట. ఊరి వీధిలోకి పోయి పట్టుకుందామని మనోళ్ళు పోతే, "మీ నీళ్ళు మీకొస్తాయిలే, మా డ్రమ్ములు ముట్టద్దండి" అని తరిమినారంట. డ్రైవర్ గంగులప్పను అడిగితే, "నా చీటీలో మీ వాడ లేదు, నేనేం చెయ్యాల?" అని బండి తోలుకోని పోతాండాడంట.

స్వాతంత్ర్యం వచ్చి ఇన్నేళ్ళైనా నీళ్ళు కూడా కులం సూసి పారతాయి! ఇది కరువు కాదు అక్కా. ఇది కుట్ర. ఊరోళ్ళు, ఆ డ్రైవరు, మీ సుబ్బరాయుడు, ముగ్గురూ కూడబలుక్కున్న కుట్ర.

నిన్ను ఒకటి సూటిగా అడుగుతాను. ఆ చీటీలు పుట్టేది నీ చేతుల్లో. వాడ పేరు కొట్టెయ్యమని నీకు ఎవరన్నా చెప్పినారా? చెప్తే నువ్వు కొట్టేసినావా? వెలుతురుండంగానే ఇంటికి పోతాండావు, వేడన్నం తింటాండావు. మంచిది. అమ్మ తోపులో కూర్చోనుండాదని నీకు తెలుసా తెలియదా?

ప్రదీప్


మదనపల్లె,
12 ఏప్రిల్ 2003.

ప్రదీప్,

నీ జాబు ఆఫీసుకొచ్చింది. అందరి ముందర చించి చదివినాను, చదివి బాత్రూములోకి పోయినాను. ఇంకొకతూరి నాకు అట్లాంటిది రాస్తే ఇంటి అడ్రసుకు రాయి.

నేను కొట్టేసినానా? మన వాడ పేరు నేను కొట్టేసినానా? అమ్మ మోసుకొచ్చిన నీళ్ళు తాగి పెరగలేదా నేను? ఎనిమిదేండ్ల వయసుకే ఆ బిందె నా నడుము మీద ఎక్కింది, నీ నడుము మీద ఎప్పుడూ ఎక్కలేదు. మర్చిపోయినట్టుండావు.

విను. జాబు సూసిన వెంటనే ఫైలు తెరిచినాను. మన పల్లె ట్యాబ్ తెరిచినాను. మన వాడ ఆడనే ఉండాది. వాడ, డ్రమ్ములు, పొద్దు, అన్నీ నా చేత్తో కొట్టినవే, ఒక్క అక్షరం పోలేదు. వేరే పల్లెలు కూడా రెండు మూడు సూసినాను. వాడలన్నీ ఉండాయి. అంటే ఆఫీసులో తప్పు లేదు. నువ్వు రాసిన మాక్రో కూడా బంగారం మాదిరి నడుస్తాండాది. కాబట్టి మధ్యలో ఏదో జరగతాండాది. గంగులప్ప చీటీలో లేదంటే అది అబద్ధం. మన వాడ నీళ్ళు ఆ మామిడితోపోనికే అమ్ముకుంటాండాడేమో ఎవరికి తెలుసు?

అయినా నువ్వు గమ్మునుండు. సుబ్బరాయుడి దగ్గర నేను మాట్లాడతాను. నిన్న ఒకతూరి కదిపినాను, "మా డ్రైవర్లు చీటీ దాటి పోరమ్మా" అని ఫోన్ ఎత్తుకున్న్యాడు. మళ్ళీ అడుగుతాను. చెయ్యి మాత్రం చేసుకోవద్దు, నీ కోపం నాకు తెలుసు. చిన్నప్పుడు బొంగరం తిరగలేదని రాయి తీసుకోని దాన్నే పగలగొట్టినోడివి.

కృష్ణవేణి


కుప్పం,
25 ఏప్రిల్ 2003.

అక్కా,

నువ్వు మాట్లాడతానంటివి. సుబ్బరాయుడు ఫోన్ ఎత్తుకున్న్యాడంటివి. చాలు. వినతులు, దండాలు, గమ్మునుండడాలు మన తాతల కాలంనుంచి సూస్తానే ఉండాము. చీటీలో వాడ ఉండాదని నీ జాబులో నువ్వే రాసినావు. నాకు అంతకంటే సాక్ష్యం అక్కరలేదు.

పోయిన ఆదివారం మనోళ్ళంతా కలిసి బండకిందపల్లె మలుపులో ట్యాంకర్ ఆపినాము. పదిమంది టైర్ల ముందర కూర్చున్నాము. ఆడోళ్ళు ఖాళీ బిందెలు బోర్లించి కొడతా ఉంటే ఆ మోత ఊర్లోకి వినిపించింది. గంగులప్ప దిగినాడు. "ఏందప్పా మీ పని, నాకు ఇంకా రెండు పల్లెలు ఉండాయి" అన్నాడు. వాడ నీళ్ళు యాడ అమ్ముకున్నావు అని అడిగినాను. జేబులోంచి చీటీ తీసి, "నువ్వు సదువుకున్నోడి మాదిరి ఉండావు, సదువుకో" అని నా మొగం మీదికి పట్టినాడు. ఆ పొగరు సూడల్ల నువ్వు! మా అక్క టైపు చేసిన చీటీ నాకే సూపిస్తావా అని దాన్ని నాలుగు ముక్కలు చింపి వాని ముందరే పారేసినాను. చదవలేదు. చదవాల్సిన పని నాకేముండాది?

మాటా మాటా పెరిగింది. రాయి పడింది. బండి అద్దం పగిలింది. వాని చేతికి కొంచెం గాజు గుచ్చుకుంది. బండి తిప్పుకోని పోయినాడు.

ఆ పొద్దునుంచి ఊరికీ ట్యాంకర్ లేదు, వాడకీ లేదు. ఊరి పెద్దమనుషులు ఇప్పుడు ఎండిన డ్రమ్ముల తావ నిలబడి మన వైపు సూస్తాండారు. సమానత్వం అంటే ఏందో వాళ్ళకు మొదటిసారి అర్థమైంటుంది. ఇది తొలి గెలుపు అక్కా. కరపత్రం వేస్తాము, సుబ్బరాయుడి పేరు, గంగులప్ప పేరు పెద్ద అక్షరాల్లో.

అమ్మ మాత్రం నాతో మాట్లాడలేదు. బిందె ఎత్తుకోని తోపుకు పోయింది. ఆమెకు భయం ఇంకా పోలేదు. నెమ్మదిగా పోతుంది.

ప్రదీప్


మదనపల్లె,
2 మే 2003.

రాయి "పడింది" అంట. అమ్మ అంగట్లోనుంచి ఫోన్ చేసి చెప్పింది, విసిరింది నువ్వేనని. గాజు "కొంచెం" గుచ్చుకుందంట. గంగులప్ప చేతికి మోచేయి కిందనుంచి కుట్లు వేసినారు. చెయ్యి పైకి లేవడం లేదు.

నీకు పేరు పెట్టి దీవెనలు రాసే మనసు నాకు లేదు. చెప్పాల్సింది చెప్తాను, చదువు. చింపకుండా చదువు.

గంగులప్ప సోమవారం ఆఫీసుకొచ్చినాడు. చేతికి కట్టు. ఇంకో చేతిలో అట్టముక్క. నువ్వు చింపి పారేసిన చీటీ ముక్కలు ఏరుకోని, వాళ్ళ కూతురి చేత అన్నం మెతుకులతో అట్టకు అంటించుకోని తెచ్చినాడు. నా బల్ల మీద పెట్టినాడు. "కొట్టినోడు నీ తమ్ముడంట గదా. రాసింది నువ్వు. నువ్వే సదువు, అందరికీ వినపడేట్ల సదువు" అన్నాడు.

చదివినాను. బండకిందపల్లె, పెద్దవీధి, గుడివీధి, బడి దగ్గర. అంతే. వాడ లేదు.

ట్యాబ్ తెరిచినాను, వాడ ఉండాది. ఆల్ట్, ఎఫ్ ఎయిట్ నొక్కినాను. చివరి షీటు సూసినాను, వాడ లేదు. మళ్ళీ నొక్కినాను, లేదు. ఇంకో పల్లె, లేదు. ఇంకో పల్లె, లేదు. ప్రదీప్, మన వాడ ఒక్కటే కాదు. నా ఫైల్లో ఉండే ఏ పల్లె వాడా చీటీలోకి రాలేదు. నీ ఫ్లాపీ వచ్చినప్పటినుంచి ఒక్కనాడు కూడా రాలేదు. ఎంతమంది అమ్మలు ఎన్ని తోపుల్లో కూర్చోనుండారో నాకు తెలీదు. ఒక్క డ్రైవరు అబద్ధం చెప్పలేదు. వాడలోళ్ళు డ్రైవర్లను అడిగినారు, డ్రైవర్లు చీటీ సూపించినారు, ఆఫీసుదాకా ఎవరూ రాలేదు. రావచ్చని వాళ్ళకు తెలీదు.

నేను చేత్తో చేసినన్నాళ్ళూ ఒక్క వాడ తప్పిపోలేదు. నువ్వు రాసినదాంట్లో ఏముండాది? అది యాడ నిలిచిపోతాండాది? పల్లెల షీట్లన్నీ ప్రింటు తీసి ఈ కవర్లో పెట్టినాను, సూడు. నువ్వు నాకు దోపిడీ గురించి రాసినావు, ఎనిమిది గంటల గురించి రాసినావు. నీ మాక్రో ఏం చేస్తుందో మాత్రం నువ్వే సరిగ్గా సూసుకోలేదు.

ఇంకోటి కూడా విను, నీ కోపానికి పనికొస్తుంది. సుబ్బరాయుడి గదిలోకి పోయి, సార్, తప్పైపోయింది, వాడలన్నీ వదిలిపోయినాయి, సరిచేస్తాను అన్నాను. ఆయన పేపర్ మడిచి నవ్వినాడు. "అదా సంగతి! నెల్నుంచి డీజిల్ ఎందుకు మిగుల్తాండాదా అనుకుంటాండాను. వాడలోళ్ళు ఎవరూ ఇక్కడికొచ్చి అడగలేదు గదమ్మా. అడిగినప్పుడు సూద్దాం. అట్లే ఉండనీ." గోపాలస్వామి సార్ పక్కనుంచి, "కంప్యూటరుకు కూడా ఊరేదో వాడేదో తెలిసిపోయిందే" అని చప్పరించినాడు. ఇద్దరూ నవ్వినారు. సరిచేస్తే రేపటినుంచి రానక్కరలేదు అని కూడా, నవ్వుతానే, చెప్పినాడు సుబ్బరాయుడు.

నేను బల్ల దగ్గరికొచ్చి కూర్చున్నాను. గంగులప్ప ఇంకా నిలబడే ఉండాడు.

కృష్ణవేణి


కుప్పం,
6 మే 2003.

అక్కా,

నీ జాబు వచ్చినప్పటినుంచి సెంటర్లో తలుపేసుకొని ఆ కోడ్ ముందర కూర్చున్నాను. దొరికింది.

ప్రతి ట్యాబ్‌లో లెక్క యాడ అయిపోతుందో మిషన్‌కు తెలియాల. నేను ఏం రాసినానంటే, మొదటి గడినుంచి కిందికి దిగు, ఖాళీ వరుస తగలంగానే ఆగు, అంతవరకు ఎత్తుకో. ఖాళీ అంటే అయిపోయినట్టే గదా అనుకున్నాను. ఇక్కడ నా సొంత లెక్కలతో ఆడించి సూసినాను, చక్కగా ఆడింది. నేను కొట్టిన లెక్కల్లో ఖాళీ వరుస లేదు. నువ్వు పంపిన ప్రింట్లు పక్కన పెట్టుకోని సూసినాను. నీ ట్యాబ్‌లో ఉండాది. ఊరి వీధులన్నీ రాసి, ఒక వరుస వదిలి, ఆ కింద వాడ. నీ ఫైల్లో ప్రతి పల్లెకూ అంతే. ఇప్పుడు తలుచుకుంటే ఆ పొద్దు నీ వెనకాల కూర్చున్నప్పుడు కూడా అది నా కంటికి కనపడుంటుంది. సూసినాను అని రాసినాను. సూడలేదు.

నా తప్పు నాది. గంగులప్ప చెయ్యి నా తప్పు. దానికి సాకు చెప్పను.

కానీ అక్కా, ఆ వరుస ఎవరు వదిలినారు?

యాల వదిలినావు? గుడివీధికీ బడివీధికీ నడుమ వదల్లేదు. ఊరి కింద, మన వాడ పైన, సరిగ్గా ఆడ వదిలినావు! నేలమీద ఊరికీ మనకూ నడుమ వాళ్ళు వదిలిన జాగా చాలదా, కంప్యూటర్లో కూడా వదలాల్నా? వేరే ఎవరన్నా వదిలింటే నాకు ఇంత కాలదు. మన వాడలో పుట్టి, అమ్మ కడుపున పుట్టి, అమ్మ ఉండే వాడ వరుస రాసే ముందర ఒక ఎంటర్ జాస్తిగా కొట్టినావు. దినామూ సూసినావు. నీకు ఒక్కనాడు కూడా చెయ్యి వణకలేదా? గోపాలస్వామి నేర్పించినాడు, నువ్వు నేర్చుకున్నావు. ఆయన్ని నేను ఏమీ అనను. ఆయన ఆయన పని చేసినాడు. నువ్వు ఎవరి పని చేసినావు?

ఇంకో ఫ్లాపీ పంపుతాండాను. ఇది పైనుంచి కిందికి రాదు. షీటు అడుగుకు పోయి, ఆడినుంచి పైకి ఎక్కుతుంది. అందరికంటే కింద ఉండేది దానికి మొదట దొరుకుతుంది. నడుమ ఎన్ని వరుసలు వదిలినా దానికి లెక్కలేదు. రేపే పెట్టు. సుబ్బరాయుడు పొమ్మంటే పో. ఆ ఉద్యోగం నీకు యాల? కరపత్రం సిద్ధంగా ఉండాది, గంగులప్ప పేరు తీసేసినాను. ఎవరి పేరు పెట్టాల్నో తెలీక ఆగిండాది.

ప్రదీప్


మదనపల్లె,
15 మే 2003.

ప్రదీప్,

నీ ఫ్లాపీ నేను పెట్టలేదు. బల్ల సొరుగులో పడుండాది. ముందర నీ ప్రశ్నకు బదులు చెప్తాను, తర్వాత యాల పెట్టలేదో చెప్తాను.

నేను ఆ ఆఫీసులో చేరిన మొదటి పొద్దు గోపాలస్వామి సార్ కాగితం మీద గీసి సూపించినాడు. "ఊరు రాసి, ఒక వరుస వదిలి, హరిజనవాడ రాయాల. రికార్డు అట్లనే ఉంటుంది, అన్ని ఆఫీసుల్లోనూ అంతే" అన్నాడు. నేను అట్లనే రాసినాను. నా చెయ్యి వణకలేదు. ఆ పొద్దు నా చేతిలో కొత్త ఉద్యోగం ఉండాది, కీబోర్డ్ ఉండాది, తిరగే కుర్చీ ఉండాది. వరుస గురించి ఆలోచించే పని పెట్టుకోలేదు. ఇప్పుడు పెట్టుకున్నాను. నీ జాబు వచ్చినప్పటినుంచి దాని గురించే ఆలోచిస్తాండాను, చాలా? నువ్వు చెప్పింది నిజం, చెప్పిన తీరుకు మాత్రం నీ చెంప పగలగొట్టాలనుండాది. ఉద్యోగం నీకు యాల అంట! నువ్వు చదివిన కంప్యూటర్ కోర్సుకు ఫీజు ఆ ఉద్యోగమే కట్టింది.

ఇంక ఫ్లాపీ సంగతి. నీ కొత్త మాక్రో పెట్టుంటే ఏమౌతుంది? వాడలు చీటీల్లోకి వస్తాయి, సుబ్బరాయుడు సూస్తాడు, నన్ను పంపించేస్తాడు, నా తర్వాత వచ్చేవాళ్ళ చేత మళ్ళీ పాతది పెట్టిస్తాడు. డీజిల్ రుచి మరిగినాడు గదా. కాబట్టి నీ పాతదాన్నే ఉంచినాను. దాన్ని ముట్టుకోలేదు. షీట్లు ముట్టుకున్నాను.

ప్రతి ట్యాబ్ తెరిచినాను, నా చేత్తో, పాతకాలం మాదిరి. వాడను ఎత్తి పైన పెట్టినాను. ఒక వరుస వదిలినాను. కింద ఊరు పెట్టినాను. ఆల్ట్, ఎఫ్ ఎయిట్.

మొన్న పొద్దున్నే ట్యాంకర్లన్నీ వాడలకు పోయినాయి. వాడలకే పోయినాయి. ఒక్క ఊరికి కూడా పోలేదు.

నెల దాటి వాడలు ఎండితే ఒక్క మనిషి ఈ ఆఫీసు మెట్లు ఎక్కలేదు గదా. ఊర్లు ఒక్క పొద్దు ఎండినాయో లేదో, మధ్యాహ్నానికి మా గేటు ముందర జీపులు, మోటార్ సైకిళ్ళు నిలిచిపోయినాయి. తెల్ల చొక్కాలోళ్ళు కుర్చీలు అడగకుండానే లాక్కోని కూర్చున్నారు. ఒకాయన సుబ్బరాయుడి బల్ల మీద గుద్దితే గాజుగ్లాసు కింద పడింది. "మా ఇంట్లో పిలకాయలు ఏం తాగాలయ్యా" అని అరిచినాడు. ఆ మాటకు నాకు పాపం అనిపించాల. వాళ్ళ పిలకాయలు కూడా పిలకాయలే. అనిపించలేదు ప్రదీప్. ఆ పొద్దు నాకు అది రాలేదు. రాకపోవడం మంచిది కాదని తెలుసు.

సుబ్బరాయుడు బయటికొచ్చి నా మీద కేకలు. గోపాలస్వామి సార్ షీటు సూసి మొగం ఎర్రగా చేసుకున్న్యాడు. "ఏమ్మా ఇది, ఎవరు నేర్పించినారు నీకు ఇట్ల?" అన్నాడు. "మీరే సార్. ఒక వరుస వదలమన్నారు, వదిలినాను" అన్నాను. ఆ తెల్ల చొక్కాలోళ్ళందరి ముందర, కంప్యూటర్ ఆ వరుస దగ్గర ఎట్ల నిలిచిపోతాండాదో, నెల దాటి ఎవరెవరికి నీళ్ళు పోలేదో, పోలేదని తెలిసినాక అట్లే ఉండనీ అన్నది ఎవరో, అన్నీ చెప్పినాను. ఎవరూ వాడల గురించి ఒక్క మాట మాట్లాడలేదు. కాని సుబ్బరాయుడికి తప్పించుకునే దారి లేకపోయింది. ఊర్లు కావాలంటే నేను ఫైలు తెరవాల, ఆ ఫైలు తెరిచే మనిషి ఆయనకు ఇంకొకరు లేరు. "ఇద్దరికీ పోయేట్ల చెయ్యి తల్లీ" అన్నాడు. చేసినాను. నడుమ వరుస తీసేసినాను, ప్రతి ట్యాబ్‌లో. వాడ పైనే ఉండాది. ఊరిని మళ్ళీ పైకి పెట్టమని గోపాలస్వామి సార్ రెండుతూర్లు చెప్పినాడు. నాకు వినపడలేదు.

ఎండాకాలం అయిపోతానే మానుకో అన్నాడు సుబ్బరాయుడు. సరే అన్నాను. నీ కరపత్రంలో వేసుకో.

ఇంకొకటి మిగిలింది. అన్ని పల్లెలకూ బండ్లు పోతాండాయి, మన బండకిందపల్లెకు తప్ప. ఏ డ్రైవరూ రానంటాడు, రాళ్ళు పడతాయని. గంగులప్పను నేనే పోయి అడిగినాను. చాలాసేపు తిట్టినాడు, నిన్నూ, నన్నూ, కంప్యూటర్‌నూ. తిట్టి తిట్టి ఏమన్నాడో తెలుసా? "స్టీరింగ్ ఒక చేత్తో పడతాను. పైపు పట్టేదానికి నాకు చెయ్యి లేదు, క్లీనర్ ఆ పొద్దే మానేసినాడు. ఆ అద్దం పగలగొట్టినోడు నా బండిలో నా పక్కన కూర్చుంటే వస్తాను. ఈతూరి రాయి పడితే ఇద్దరికీ పడాల."

నీ సెంటర్లో సెలవు పెట్టు. పెట్టకపోతే అమ్మ తోపులోనే కూర్చోనుంటుంది. ఇంక నీ ఇష్టం.

కృష్ణవేణి


పుంగనూరు,
24 మే 2003.

అక్కా,

బండి డీజిల్ పట్టేదానికి ఆగింది, అంగట్లో కాగితం అడుక్కోని రాస్తాండాను. అక్షరాలు వంకర పోతే సర్దుకో.

మొదటి పొద్దు గంగులప్ప దగ్గరికి పోయి, నేను చెప్పాలనుకున్నదంతా చెప్పడానికి మొదలుపెట్టినాను. రాత్రంతా మనసులో రాసుకోని పోయినాను. వర్గం, అజ్ఞానం, క్షమించరాని తొందరపాటు అని ఏదో ఎత్తుకున్నాను. ఆయన బీడీ కింద పారేసి, "అదంతా నాకు యాల? ఎక్కు" అన్నాడు. అంతే. ఆ తర్వాత కూడా నాతో మాట్లాడింది తక్కువ. తిట్టడానికి మాత్రం మాట్లాడతాడు. పైపు పట్టడం రాదంట, నీళ్ళు సగం నేలకు తాపిస్తానంట, కంప్యూటర్లో పోసినట్టు పోస్తానంట.

నిన్న మన పల్లెకు పోయినాము. చీటీలో వాడ ముందరుండాది కాబట్టి మొదట వాడకే. అమ్మ బిందె తెచ్చింది, పెట్టింది, నిండినాక ఎత్తుకుంది. "తిన్న్యావా?" అని అడిగింది. నెల తర్వాత అదే మొదటి మాట.

అక్కడినుంచి పెద్దవీధికి. ఊరోళ్ళు డ్రమ్ములు వరుసగా పెట్టి నిలబడుండారు. నేను పైపు తీసుకొని దిగినాను. ముందరుండే ఆమె, గుడి పక్కింటామె, నీకు తెలుసు, బిందె వెనక్కు లాక్కుంది. నన్ను సూడకుండా గంగులప్పతో, "ఆ పైపు వాని చేతికి యాల ఇచ్చినావు? నువ్వు పట్టరాదా?" అన్నింది.

నాకు తల మీద నిప్పులు పోసినట్టైంది. నోరు తెరిచినాను కూడా. నేను ఏమనేవాడినో నీకు తెలుసు. గంగులప్ప అంతకుముందే కిటికీలోంచి కట్టు చెయ్యి బయటపెట్టి అరిచినాడు: "నాకు చెయ్యి లేవదమ్మా. లేవకుండా చేసింది వాడే. పట్టాల్సిందీ వాడే. నీళ్ళు కావాలంటే బిందె పెట్టు. వద్దంటే పక్కకు జరుగు, వెనక జనం ఉండారు."

ఆమె అటు సూసింది, ఇటు సూసింది. ఎండ నడినెత్తిన ఉండాది. వెనక ఎవరో డ్రమ్ము ముందుకు జరిపిన చప్పుడైంది.

పెట్టింది.

బిందె నిండేదాకా ఆమె మొగం పక్కకు తిప్పుకోనే ఉండాది. నేను తిప్పుకోలేదు. నేల మీద ఒక్క చుక్క పడనియ్యలేదు. నిండినాక పైపు పక్క బిందెలోకి తిప్పినాను. దాన్ని వెనక్కు ఎవరూ లాక్కోలేదు.

గంగులప్ప హారన్ కొడతాండాడు. పోతాండాను.

ప్రదీప్